జాయింటు లేని పైపు

మొదట మా మంచం గురించి ఒక చిన్న ఫిర్యాదు. మా పెళ్ళికి మా నాన్న పడాక్ కర్రతో మంచం చేయించారు. పడాక్ అంటే అండమాన్ అడవుల్లో పెరిగే ఎర్ర కలప. చెద పట్టదు, పుచ్చదు, వంగదు. ముఖ్యంగా, కదలదు. నలుగురు మనుషులూ ఒక మంచి ముహూర్తమూ కుదిరితే తప్ప దాన్ని జరపలేం. అందుకే గోడలకు రంగు వేయించినప్పుడల్లా మంచం వెనక గోడ వదిలేస్తాం. అక్కడ ఇప్పటికీ పెళ్ళినాటి రంగే ఉంది. మంచానికీ నేలకీ మధ్య జానెడు సందు కూడా లేదు. పెళ్ళయిన కొత్తలో దాని కిందికి జారిన నా కుడికాలి చెప్పు ఇంకా అక్కడే ఉంది. ఎడమకాలిదాన్ని చాలాకాలం ఆశతో దాచుకున్నాను.

దీనికీ నీళ్ళ పైపులకీ ఏం సంబంధం అంటే, 2022 మార్చి దాకా నేనూ ఏమీ లేదనే అనుకున్నాను.

నేను పోర్ట్‌బ్లెయిర్‌లో ప్లంబర్ని. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చాడు, నేను ఇక్కడే పుట్టాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివి ఈ పనిలోకి దిగాను. మా నాన్న దీన్ని నలుగురిలో 'సొంత వ్యాపారం' అనేవారు. మా అమ్మ ఏమీ అనేది కాదు. ద్రవాల పీడనం గురించి కాలేజీలో మూడేళ్ళు చెప్పారు గానీ, అది ఉంటే ఎలా ఉంటుందో, లేకపోతే జనం ఎలా ఉంటారో నాకు తెలిసింది మాత్రం లంబాలైన్ అనే పేటలో.

మా ఊళ్ళో ఏడాదికి ఎనిమిది నెలలు వాన కురుస్తుంది. మిగిలిన నాలుగు నెలలు ఆ ఎనిమిది నెలల గురించి మాట్లాడుకుంటాం. ఎండాకాలంలో కుళాయి నీళ్ళు మూడు రోజులకోసారి వస్తాయి, ఒక్కో పేటకి ఒక్కో వేళకి, మహా అయితే ముప్పావు గంట. అందుకని జనం రోజుల్ని కూడా నీళ్ళతోనే కొలుస్తారు. "ఎల్లుండొస్తా" అనరు, "వచ్చే నీళ్ళకొస్తా" అంటారు. ఒక పెళ్ళి సంబంధం "రెండు నీళ్ళు ఆగి చెబుతాం" అన్న మాట మీద వాయిదా పడటం నేను చెవులారా విన్నాను.

భూమిలో పాతిన లైను ఎక్కడ కారుతోందో కనిపెట్టే పని మా వృత్తిలో ఎక్కడైనా కష్టమే. ఇక్కడ ఇంకాస్త కష్టం. లైనులో నీళ్ళున్నప్పుడే లీకు ఉంటుంది. నీళ్ళు ఆగిపోతే లీకూ ఆగిపోతుంది, ఏమీ ఎరగనట్టు. అంటే మా రోగికి మూడు రోజులకోసారి ముప్పావు గంటే ప్రాణం ఉంటుంది. నాడి ఆ కాస్త సేపట్లోనే చూసుకోవాలి.

లంబాలైన్ ఎయిర్‌పోర్టును ఆనుకుని ఉన్న పేట. ఇళ్ళన్నీ వాలు మీద మెట్లుమెట్లుగా ఉంటాయి. అక్కడ పైడమ్మత్త ఇంట్లోనే టిఫిన్లు చేసి అమ్ముతుంది. నిజానికి నాకు అత్త కాదు, కానీ మా తాతదీ వాళ్ళ నాన్నదీ ఒకే ఊరు కాబట్టి వేరే ఏమీ కాలేదు. ఆవిడ భర్త నూకరాజు మామ ద్వీపాల మధ్య తిరిగే ఓడల్లో ఇంజన్‌రూంలో ఆయిల్‌మ్యాన్‌గా చేసేవాడు. పోయి అప్పటికి ఏడేళ్ళు. ఆ ఇంటికి నీళ్ళ లైను ఆయన స్వయంగా వేసుకున్నదే. పై రోడ్డు పక్క గేటు దగ్గర మొదలై, పెరటి అంచున రాతి కట్టు వెంబడే భూమిలో అరవై అడుగులు నడిచి, వంటింటి వెనక సంపులో పడుతుంది.

ఆ రాతి కట్టుకి కింద ఉన్నది ఫ్లోరా దీదీ ఇల్లు. రాంచీ వైపు నుంచి వచ్చిన కుటుంబం, బడిలో ఆయా. తెలుగు పైడమ్మత్త దగ్గరే నేర్చుకుంది. అందుకని తిట్లు చక్కగా వస్తాయి, మర్యాదలు కాస్త తడబడతాయి.

నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. పేటంతా నీళ్ళ హడావుడిలో ఉంది.

"ఏట్రా శ్రీనూ, ఇప్పుడా రావడం? నీళ్ళొచ్చి పావుగంటయిపోనాది," అంది పైడమ్మత్త, రెండు చేతుల్లో రెండు బకెట్లతో.

"ఏమైందత్తా?"

"అవడానికేటుంది, దొంగతనం. కింద ఫ్లోరా లైనుకి మోటర్ పెట్టి నా నీళ్ళు లాగేస్తంది. పోయినేడు ఇదే మార్చిలో సంపు నిండి పొర్లేది. ఇప్పుడు సగం కూడా అవట్లేదు. బియ్యం కడగాలా, పప్పు నానెయ్యాలా, పాత్రలు తోమాలా? పొద్దున్న ఎనిమిదింటికే 'ఇడ్లీ ఖతం' అని పలక తిప్పేస్తన్నాను. జనం ఇంకో కొట్టు ఎతుక్కుంటన్నారు."

"మోటారు కళ్ళతో చూశావా?"

"మోటర్ సూడక్కర్లేదు. దాని తోటకూర సూడు."

కట్టు మీంచి కిందికి చూశాను. చుట్టుపక్కల గడ్డి సైతం చొప్పలా ఎండిపోయిన రోజులు. ఫ్లోరా దీదీ పెరట్లో కట్టు కింద మడిలో తోటకూర మాత్రం మోకాలెత్తు లేచి, ఒక్కో ఆకూ విస్తరి ముక్కంత, నిగనిగలాడుతోంది.

"మార్చి నెల్లో ఆ తోటకూరకి అంత పొగరు ఎక్కడ్నుంచొచ్చిందిరా?" అంది.

నిజం చెప్పొద్దూ, సాక్ష్యం గట్టిదే.

లైనుకి నేరుగా మోటారు బిగించి నీళ్ళు లాగడం మా దగ్గర నేరం. అలా లాగేవాళ్ళున్నారు కూడా. ఒక్క మోటారు ఆడితే ఆ వరసలో మిగతా ఇళ్ళ కుళాయిలు గాలి ఊదుతాయి. ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు కనెక్షన్ కోసి, తరవాత విచారిస్తారని పేటలో జనం నమ్మకం. అది ఎంతవరకు నిజమో నాకు తెలీదు, పరీక్షించి చూసే ధైర్యం ఎవరూ చేయలేదు.

ఈ ఇద్దరి సంగతీ పేటలో అందరికీ తెలిసిందే. పొద్దున్నే పైడమ్మత్త కట్టు మీంచి నాలుగు ఇడ్లీలు గిన్నెలో పెట్టి అందిస్తుంది. సాయంత్రానికి ఆ గిన్నె తోటకూరతోనో చేమాకుతోనో పైకి వస్తుంది. ఏళ్ళ తరబడి అటూ ఇటూ తిరిగిన ఆ గిన్నె ఏ ఇంటిదో ఇద్దరికీ గుర్తు లేదు. రెండు నెలలుగా అది పైడమ్మత్త వంటింటి అరుగు మీద బోర్లించి ఉంది.

ముందు బకెట్ పరీక్ష చేశాను. ఇది అన్నిటికన్నా చవకైన పరీక్ష, అందుకే ఎవరూ గౌరవించరు. గేటు లోపల లైను మొదట్లో ఒక కుళాయి ఉంది. అక్కడ బకెట్టు నిండటానికి ముప్పై సెకన్లు. అదే బకెట్టు అరవై అడుగుల అవతల సంపు దగ్గర నిండటానికి ఒకటిన్నర నిమిషం.

"అత్తా, ఫ్లోరా దీదీ మోటారు పెట్టి ఉంటే గేటు దగ్గర కూడా ధార సన్నగిల్లాలి. అక్కడ బాగానే ఉంది. గేటుకీ సంపుకీ మధ్యలోనే పోతున్నాయి నీళ్ళు, నీ పెరట్లోనే."

"అంటే నా ఇంట్లోనే దొంగ ఉన్నాడంటావు."

"దొంగ కాదు, లీకు. లైనులో ఎక్కడో జాయింటు వదిలి ఉంటుంది."

ఆవిడ బకెట్లు కింద పెట్టింది. నీళ్ళొచ్చే వేళ పైడమ్మత్త బకెట్లు కింద పెట్టడం నేనెప్పుడూ చూడలేదు.

"జాయింటా? అది ఎవరేసిన లైననుకున్నావు? మీ మామ ఏసిన లైను. గేటు కాడ్నుంచి సంపు దాకా ఒక్క జాయింటు లేదు. ఆయనే సెప్పాడు."

పాత లైన్లన్నీ జీఐ పైపులు, అంటే జింకు పూత పూసిన ఇనుప గొట్టాలు. అవి ఇరవై అడుగుల ముక్కలుగా వస్తాయి. అరవై అడుగులకి ఎన్ని ముక్కలు కావాలో, వాటి మధ్య ఎన్ని అతుకులు పడతాయో చెప్పడానికి బీఎస్సీ అక్కర్లేదు. కానీ పోయిన భర్త మాట మీద ఒక మనిషి నిలబడి ఉన్నప్పుడు లెక్కలతో ఆ మాటని కింద నుంచి లాగేయకూడదు. నేను తలూపాను.

"నువ్వు సదువుకున్నోడివి కదా," అంది. "హిందీలో ఓ అర్జీ రాయి."

రాశాను. కింది ఇంటి ఫ్లోరా అక్రమంగా మోటారు పెట్టి నీళ్ళు లాగుతోందనీ, తగిన చర్య తీసుకోవాలనీ. 'తగిన చర్య' దగ్గర నా చేయి నెమ్మదించింది గానీ ఆవిడ పక్కనే నిలబడి ఉంది. కింద పెద్ద పెద్ద అక్షరాలతో తెలుగులో సంతకం పెట్టింది.

"నువ్వే తీసుకెల్లు. ఇంకో రెండు నీళ్ళు సూస్తాను. నీ లీకేదో అప్పటికి దొరికి సంపు నిండిందా, సరే. లేదంటే ఆ కాయితం ఆపీసులో ఇచ్చెయ్."

కాగితం మడిచి పనిముట్ల సంచీ అడుగున పెట్టాను. దాని మీద నా పెద్ద పైపు రెంచి పెట్టాను. ఎగిరిపోకుండా అనుకోవచ్చు.

వచ్చే నీళ్ళకి లిజనింగ్ రాడ్ పట్టుకెళ్ళాను. పేరు గొప్పది, వస్తువు మాత్రం మనిషెత్తు ఇనుప కడ్డీ. ఒక కొస నేలకి ఆనించి రెండో కొస చెవి వెనక ఎముకకి ఆనించుకుంటే, భూమిలో నీళ్ళు చిమ్మే చోట సన్నటి బుస వినిపిస్తుంది. ఈ పనికి ఎలక్ట్రానిక్ పరికరాలు కూడా ఉన్నాయి. నా దగ్గర ఉన్నది చెవి.

మూడు గంటల అయిదు నిమిషాలకి నీళ్ళొచ్చాయి. మూడు గంటల ఆరు నిమిషాలకి విమానం లేచింది. రెండు నిమిషాలపాటు లంబాలైన్ మొత్తం లీకే. అది పోయాక పక్కింట్లో డ్రమ్ములు దొర్లాయి. ఆ తర్వాత ఎవరో బకెట్టు వరసలో ముందు తానే ఉన్నానని ఇంకెవరికో హిందీలో నచ్చజెప్పారు. ఆ సందుల్లోనే గేటు నుంచి అడుగడుక్కీ కడ్డీ ఆనిస్తూ వచ్చాను. వంటింటి గోడ దగ్గర, సిమెంటు చప్టా మీద, దొరికింది. బుస కాదు గానీ, గుర్రుమని ఒకే తీరున, బలంగా, నమ్మకంగా వినిపించింది.

"ఇక్కడే అత్తా," అన్నాను. నా గొంతులో డిగ్రీ పలికిందేమో, ఆవిడ కూడా నమ్మింది.

సుత్తీ ఉలీ తీసుకుని చప్టా పగలగొట్టాను. రెండడుగులు తవ్వాను. మూడో అడుగు తవ్వాను. లోపల మట్టి పొడిపొడిగా, నన్ను చూసి ఆశ్చర్యపోయినట్టుగా ఉంది. పైపు మీద తడి లేదు, తడి జ్ఞాపకం కూడా లేదు. నీళ్ళు ఆగిపోయి అరగంటయింది. కడ్డీ మళ్ళీ ఆనించి విన్నాను. గుర్రుమంటూనే ఉంది.

నీళ్ళు లేని లైనులో లీకు మోగదు. ఇది ఫిజిక్స్.

"అత్తా, లోపల ఏదైనా ఆడుతోందా?"

"గ్రైండరు. రేపటి పప్పు. ఆపమంటావేటి?"

ఆ రోజు నేను అరవై అడుగుల లైను మీద నలభై నిమిషాలు చెవి పెట్టి కనిపెట్టింది మినప్పిండి.

పైడమ్మత్త చాలాసేపు నవ్వింది. కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తర్వాత సంపు మూత తీసి చూసింది. నీళ్ళు మోకాటి లోతు కూడా లేవు. నవ్వు ఆగిపోయింది.

"నువ్వేం బాధపడకు నాయినా," అంది. "నీ పని నువ్వు సేశావు. ఇంకో నీళ్ళే ఉంది. అప్పటికీ ఇంతే అయితే అర్జీ ఇచ్చెయ్. నాకూ సరదా కాదు. రోజూ ముప్పై మంది ఆకలితో వస్తారు, సగం మందిని ఎనక్కి పంపాల."

చప్టా పూడ్చి సిమెంటు పూశాను. ఆ అతుకు ఇప్పటికీ ఉంది. పేటలో దాన్ని శ్రీనూ సమాధి అంటారని విన్నాను.

మర్నాడు నేను ఫ్లోరా దీదీ ఇంటికి వెళ్ళాను. కట్టుని కింద నుంచి చూడాలన్నది వంక. వంకలో కొంత నిజం కూడా ఉంది. కారిన నీరు వాలు చూసుకుని పోతుంది, కాబట్టి తడి కనిపించే చోటు లీకు ఉన్న చోటు కాకపోయినా దాని చుట్టమై ఉంటుంది.

"రా భయ్యా, రా. మోటర్ చూడ్డానికి వచ్చావా?" అంది ఫ్లోరా దీదీ. "అంతా విన్నాను నేను. పైడమ్మా దీదీ నన్ను చోర్ అంటంది. చూసుకో. వంటిల్లు చూడు, బాత్రూం చూడు, మంచం కింద చూడు. మోటర్ ఉంటే నేను డబ్బాలెందుకు మోస్తాను, పాగల్‌నా?"

మంచం కింద చూడలేదు. ఎవరి మంచం కిందా చూసే అధికారం నాకు లేదు.

"దీదీ, నీ తోటకూరకి నీళ్ళు ఎవరు పోస్తారు?"

"ఎవరూ పొయ్యరు. అదే పెరుగుతంది. దేవుడు పెంచుతున్నాడు అనుకున్నా." కాస్త ఆగి అంది, "రెండు నెలలు అయింది, ఒక్కదాన్నే తింటున్నా. ఎంత తింటాను?"

మడిలోకి దిగాను. కట్టుకి ఆనుకుని ఉన్న మట్టి వేలు పెడితే దిగుతోంది. ఆకులు పక్కకి తీస్తే, రాళ్ళ మధ్య నేలకి జానెడు ఎత్తున బొటనవేలు పట్టేంత బొక్క ఉంది. దాని చుట్టూ పచ్చటి నాచు. రాళ్ళ మధ్య దానంతట అది పడిన సందు కాదు. ఉలితో గుండ్రంగా తొలిచింది.

"ఈ బొక్క ఏమిటి దీదీ?"

"అదా? నా పాత నల్ పైపు అక్కడ్నుంచే వచ్చేది కదా." నాకు తెలియకపోవడమే వింత అన్నట్టు చూసింది. "పాతికేళ్ళ కింద మేం కొత్తగా ఈ ఇంటికి వచ్చినప్పుడు కనెక్షన్ లేదు. నా మోనికా మూడు నెలల పిల్ల. నేను రోడ్డు మీద నల్ దగ్గర లైన్లో నిలబడేదాన్ని, పిల్ల ఇంట్లో ఏడ్చేది. పైడమ్మా దీదీ పై నుంచి వినేది. ఆ నెల నూకరాజు భయ్యా ఛుట్టీ మీద ఓడ దిగాడు. దీదీ అన్నం పెట్టలేదు. 'ముందు ఆ ఏడుస్తున్న గుంటకి నీళ్ళియ్యి, తర్వాత నీకు అన్నం' అంది. యూనిఫాం కూడా తియ్యకుండా తవ్వాడు పాపం. సాయంత్రానికి ఇక్కడ నీళ్ళు వచ్చాయి."

"తర్వాత?"

"నాకు సొంత కనెక్షన్ వచ్చాక భయ్యా ఈ పైపు పీకేసి పట్టుకుపోయాడు. పైన ఏదో ఠక్ ఠక్ కొట్టాడు. బస్."

"ఏం కొట్టాడు?"

"నాకేం తెలుసు? నేను ప్లంబర్‌నా?"

ఆ మాటకొస్తే నేనూ ఆ రోజు పెద్ద ప్లంబర్‌లా అనిపించలేదు.

పైకి వెళ్ళి పైడమ్మత్తకి చెప్పాను. ఆవిడ మినప్పప్పు చెరుగుతోంది. చేట ఆగింది.

"నేనిప్పించానేటి?" అంది.

"మామకి అన్నం కూడా పెట్టలేదట."

"పిల్ల ఏడుస్తంటే..." అని మొదలుపెట్టి ఆపేసింది. తర్వాత, "తవ్వు," అంది.

కింది బొక్కకి సూటిగా పైన, గేటు నుంచి పద్నాలుగు అడుగుల దగ్గర తవ్వడం మొదలుపెట్టాను. అంతకుముందు ఆ చోట కడ్డీ ఆనించినప్పుడు విమానం లేచింది. అది నా తప్పు కాదు, కానీ చెప్పుకుంటే సాకులా ఉంటుంది.

గుంత నడుం లోతుకి వచ్చేసరికి మెట్లమీద చెప్పుల చప్పుడు. ఫ్లోరా దీదీ వచ్చి గేటు దగ్గర ఆగింది, లోపలికి రాలేదు. పైడమ్మత్త గుంతకి ఇవతల నిలబడింది, అటు చూడలేదు. మధ్యలో గుంతలో నేను.

"శ్రీనూ, గేటు కాడ నిలబడితే కాళ్ళు నొప్పెడతాయని సెప్పు వచ్చినోళ్ళకి."

"భయ్యా, పిలవని ఇంట్లోకి రానని చెప్పు ఇంటివాళ్ళకి."

"నాలుగు ఇడ్లీలు మిగిలాయని సెప్పు."

"రెండు నెలల నుంచి మిగలలేదా అని అడుగు."

ఎవరికీ ఏమీ చెప్పకుండా తవ్వాను. ఇంకో అరడుగు దిగాక పార ఇనుముకి తగిలింది. మట్టి చేత్తో తీశాను. టీ జాయింటు కనిపించింది. ఒక పైపులోంచి పక్కకి కొమ్మ తీయడానికి వేసే మూడు నోళ్ళ అతుకు అది. రెండు నోళ్ళలో లైను ఉంది. మూడో నోటిలో, మామూలుగా ఇనుప మూత బిగించాల్సిన చోట, చెక్క బిరడా ఉంది.

నాకు వెంటనే అర్థమైంది. అది ప్లంబరు పని కాదు, ఓడ మనిషి పని. ఓడలో పైపు పగిలినా, అడుగున చిల్లు పడినా ముందు మొన తేలిన చెక్క బిరడా సుత్తితో దిగ్గొడతారు. చెక్క తడికి ఉబ్బి తనంతట తనే బిగుసుకుంటుంది. ఓడ రేవు చేరేదాకా ఆగుతుంది, తర్వాత తీసి సరైనది వేస్తారు. నూకరాజు మామ కూడా మళ్ళీ రేవులో ఉన్నప్పుడు తీసి సరైనది వేద్దామనే అనుకుని ఉంటాడు. ఓడల్లో వాడేది మెత్తటి చెక్క. ఈయన అండమాన్ మనిషి, ఇంట్లో ఉన్న చెక్క వాడాడు. పడాక్.

ఇరవై ఏళ్ళకి పైగా మట్టిలో తడుస్తూ ఉన్న ఆ బిరడా నిన్న చెక్కినంత ఎర్రగా ఉంది. పుచ్చలేదు, చెద ముట్టలేదు. దాని చుట్టూ ఉన్న ఇనుము మాత్రం తుప్పు పట్టి రేకురేకులుగా లేచిపోయింది. బిరడా పట్టుకుని లాగితే ఇనుమే దానితోపాటు పెళుసుగా రాలి వచ్చింది.

"లీకు... ఆయన కొట్టిన ఆ బిరడాదేనా?" అంది పైడమ్మత్త పై నుంచి. ఆవిడ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు.

వినియోగదారుడి మనసుకోసం అబద్ధం చెప్పాల్సిన సందర్భాలు మా వృత్తిలో వస్తుంటాయి. ఆ రోజు అవసరం పడలేదు.

"కాదత్తా. బిరడా ఇంకో యాభై ఏళ్ళుంటుంది. ఇనుమే ఓడిపోయింది."

దాన్ని ఆవిడ చేతిలో పెట్టాను. కొంగుతో మట్టి తుడిచి అటూ ఇటూ తిప్పి చూసింది. సుత్తి దెబ్బల గుర్తులు ఇంకా ఉన్నాయి.

"సెప్పలేదూ, ఒక్క జాయింటు లేదని?" అంది. "బిరడా కొట్టేశాక అది జాయింటెలాగవుద్ది?"

"భయ్యా గట్టిగా కొట్టాడు దీదీ," అంది ఫ్లోరా దీదీ. ఎప్పుడు లోపలికి వచ్చిందో నేను చూడలేదు.

"కొట్టడేటి? అప్పుడు అన్నం తిని కొట్టాడు."

ఇద్దరూ నవ్వడం మొదలుపెట్టారు. ఆ నవ్వు ఎందుకు అంతసేపు సాగిందో, మధ్యలో ముక్కులు ఎందుకు చీదుకున్నారో గుంతలో ఉన్న నాకు కనిపించలేదు. నేను తుప్పు గీకుతూ ఉన్నాను.

మర్నాడు రిపేరు చేశాను. కుళ్ళిన నాలుగడుగుల ముక్క టీ జాయింటుతో సహా కోసి తీసేశాను. రెండు కొసలకీ కొత్తగా మరలు కోసి, మధ్యలో కొత్త పైపు వేసి, యూనియన్‌తో కలిపాను. యూనియన్ అంటే లైను మొత్తం తిప్పకుండానే విప్పి బిగించుకోగలిగే అతుకు. తేలికగా టీ జాయింటు కొత్తది వేసి దాని నోటికి ఇనుప మూత బిగించి వదిలేయొచ్చు. కానీ పనికిరాని కొమ్మ ఎప్పటికైనా కారే కొమ్మే. శాశ్వతంగా చేద్దామనుకున్నాను. కట్టులో బొక్క కూడా సిమెంటుతో మూసేశాను. నాకు నేనే నచ్చాను.

ఆ పైన నీళ్ళకి ముగ్గురం సంపు చుట్టూ నిలబడ్డాం. గేటు దగ్గర బకెట్టు ముప్పై సెకన్లు, సంపు దగ్గర ముప్పై అయిదు. మూడున్నరకి సంపు నిండి పొర్లింది. పొర్లిన నీటిని వృథా పోనివ్వకుండా ఇద్దరూ బిందెలు పట్టారు, నా బూట్లలో పడింది తప్ప.

సంచీ అడుగు నుంచి అర్జీ తీశాను. వెనక వైపు ఖాళీగా ఉంది. దాని మీద లైను పటం గీశాను. గేటు నుంచి ఎన్ని అడుగులకి అతుకు ఉందో, ఎంత లోతో, సంపు ఎటుందో అన్నీ రాసి పైడమ్మత్తకి ఇచ్చాను. ఆవిడ దాన్ని వంటింటి అల్మారా తలుపు లోపల అతికించింది. అర్జీ వైపు చెక్కకి, పటం వైపు మనుషులకి. బిరడాని దేవుడి పటాల పక్కన పెట్టింది. అరుగు మీది గిన్నె కనిపించలేదు.

ఈ కేసు నాకు నేర్పింది ఏమిటని మా పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు అడుగుతుంటారు. ఒకటి, కడ్డీ ఆనించే ముందు గ్రైండరు ఆపించాలి. ఇంకొకటి, భూమిలో ఏది పాతినా పటం గీసి ఇంటివాళ్ళకి ఇవ్వాలి, ఎందుకంటే పైపులు మనుషులకన్నా ఎక్కువకాలం ఉంటాయి, చెక్క పైపులకన్నా ఎక్కువకాలం ఉంటుంది. ఇక మూడోది. మన చేతికి రానిది మనకి రోజూ గుర్తుంటుంది. మనం ఇచ్చింది మాత్రం మట్టి కప్పిన మర్నాడే మరిచిపోతాం. ఇచ్చింది మరిచిపోవడం మంచి గుణమని పెద్దలంటారు. ప్లంబింగ్‌లో మాత్రం కాదు. అప్పటి నుంచి ఏ ఇంటికి వెళ్ళినా ముందు పక్కింటివాళ్ళని అడుగుతాను, ఈ ఇంటి నుంచి మీకెప్పుడైనా నీళ్ళొచ్చాయా అని.

ఈ జ్ఞానమంతా సంపాదించాక ఏప్రిల్ నెలలో, ఇంకో ఆరేడు నీళ్ళ తర్వాత, పొద్దున్నే టిఫిన్‌కి లంబాలైన్ వెళ్ళాను. తొమ్మిదింటికి కూడా పలక తిప్పలేదు. జనం ఉన్నారు. ఫ్లోరా దీదీ బడికి వెళ్ళే ముందు అరుగు మీద కూర్చుని ఇడ్లీ తింటోంది. నన్ను చూసి జరిగి చోటిచ్చింది గానీ, ఎందుకో మామూలుగా పలకరించలేదు.

ప్లేటు చేతికిచ్చి పైడమ్మత్త కట్టు దగ్గరికి వెళ్ళి నిలబడింది. నేనూ లేచి వెళ్ళి కిందికి చూశాను. మడి నెర్రెలు విచ్చింది. తోటకూర కాడలు పసుపుపచ్చగా వాలిపోయి, ఆకు అన్నది లేకుండా ఉన్నాయి.

"సంపు నిండుతోందా అత్తా?" అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి.

"నిండుతంది. అంతా బాగానే సేశావు గానీ," అంది పైడమ్మత్త, "ఆ పైపు కొమ్మ పీకెయ్యమని నిన్నెవరడిగార్రా?"